పిల్లలకు సముద్రాన్ని మనమే చూపిద్దాం

నాలుగేళ్ల కిందటి మాట. ఒక సోమవారం జొహర్ తరువాత మా మసీదు ముందు ఒక జనాజా ఉంచారు. పదో తరగతి చదువుతున్న కుర్రవాడిది. నా దగ్గర అలీఫ్, బే నేర్చుకున్నవాడు. ముందురోజు ఆదివారం క్రికెట్ మ్యాచ్ ఉందని ఇంట్లో చెప్పి, ఐదుగురు స్నేహితులతో కలిసి మూడు మోటార్ సైకిళ్ల మీద సముద్రానికి వెళ్లాడు. మోకాలి లోతు నీళ్లలో ఆడుకుంటున్నామనే అనుకున్నారు. ఇద్దరు కొట్టుకుపోతుంటే జాలర్లు పడవ వేసుకుని వెళ్లి ఒకణ్ణి బయటికి తెచ్చారు. మావాడు మర్నాటి తెల్లవారుజామున దూరంగా ఒడ్డుకు చేరాడు. గుస్ల్ చేయించిన నలుగురిలో నేనూ ఒకణ్ణి. ఎన్ని నీళ్లు పోసినా చెవుల్లోంచి ఇసుక వస్తూనే ఉంది.

మూడోరోజు పరామర్శకు వెళితే ఆ తల్లి పరదా వెనుకనుంచి ఒక్క మాట అడిగింది. “మౌల్‌సాబ్, మావాడు పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు. నీళ్లు లోపలికి లాగుతాయని వాడికి చెప్పినవాళ్లెవరు?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అంతకు ఏడాది ముందు బడి పిల్లలు విహారయాత్రకు సముద్రానికి తీసుకెళ్లమని అడిగినప్పుడు వద్దన్న పెద్దల్లో నేనే మొదటివాణ్ణి. “అక్కడ అంతా తమాషా, బేపర్దా. మన పిల్లలకు అవసరం లేదు” అన్నాను. నా మాట మన్నించి బడివారు యాత్ర మానుకున్నారు. పిల్లలు మానుకోలేదు. వారు మాకు చెప్పకుండా వెళ్లారు. అంతే తేడా.

పాఠక సోదర సోదరీమణులారా! ఈ వ్యాసం ఆ తల్లి అడిగిన ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సముద్రానికి వెళ్లవద్దని పిల్లలను కట్టడి చేయడం వారిని కాపాడటం కాదు. తల్లిదండ్రులు, తాతానానమ్మలు, ఆడపిల్లలు, మగపిల్లలు అంతా కలిసి వెళ్లాలి. సముద్రాన్ని పిల్లలకు మనమే చూపాలి, దాని గుణం మనమే చెప్పాలి. అలా వెళ్లడానికి తగిన వసతులను ప్రభుత్వం నుంచి కోరాలి. అక్కడ మన నడత ఎలా ఉండాలో కూడా మనమే నిర్ణయించుకోవాలి.

అరవై కిలోమీటర్లు, యాభై ఏళ్లు

మా ఊరి నుంచి బాపట్ల దగ్గరి సూర్యలంకకు సుమారు 60 కిలోమీటర్లు. ఆ మరుసటి ఏడు జనవరి నెలలో ఒక బుధవారం, ఫజర్ నమాజు చదువుకుని ఒక తూఫాన్ బండి మాట్లాడుకుని బయలుదేరాం. పద్నాలుగు మందిమి. బగారా అన్నం, దాల్చా, ఉడకబెట్టిన గుడ్లు, రెండు క్యాన్ల మంచినీళ్లు, రెండు చాపలు. దారిలో తెలిసిన విషయం ఏమిటంటే, ఆ బండిలో ఉన్న ఏడుగురు ఆడవాళ్లలో ఆరుగురు సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. నా భార్యకు అప్పటికి యాభై ఏళ్లు. ఆమెతో ముప్పయి ఏళ్లకు పైగా కాపురం చేస్తూ, అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రాన్ని ఆమెకు చూపలేదని నాకు ఆనాటి దాకా తట్టనే లేదు. నేను మాత్రం స్నేహితులతో నాలుగైదుసార్లు వెళ్లి వచ్చాను.

బాపట్ల ఊరు దాటి సుమారు తొమ్మిది కిలోమీటర్లు వెళ్లాక సరుగుడు తోటలు మొదలవుతాయి. వాటి వెనుకనుంచి ముందుగా హోరు వినిపిస్తుంది, తరువాత నీళ్లు కనిపిస్తాయి. మా అమ్మకు డెబ్బయ్యెనిమిదేళ్లు. ఇద్దరు మనవలు చెరో రెక్క పట్టుకుని నడిపించారు. అల వచ్చి పాదాలు తడిపి వెళ్లింది. ఆమె వంగి వేలు తడుపుకుని నాలుకకు రాసుకుంది. “అబ్బా చెప్పింది నిజమే, ఉప్పు” అంది. మా తాత, అంటే ఆమె తండ్రి, తన చిన్నతనంలో బొంబాయి నుంచి ఓడ మీద హజ్‌కు వెళ్లి వచ్చారు. ఓడ గురించి, అలల గురించి, దారిలో చనిపోయినవారిని నీళ్లలోకి విడిచిన సంగతి గురించి ఆయన చెప్పిన కథలు ఆమెకు అరవై ఏళ్లకు పైగా గుర్తున్నాయి. 1995తో ఓడ మీద హజ్ ప్రయాణాలు ఆగిపోయాయి. ఇప్పటి హాజీలు విమానం కిటికీలోంచి తప్ప సముద్రాన్ని చూడరు. కథగా విన్న సముద్రాన్ని మా అమ్మ ఆ రోజు ముట్టుకుంది.

ఇలాంటి అమ్మలు, దాదీలు, ఖాలాలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో ఒక్కసారి లెక్క వేసుకోండి. ఆంధ్ర తీరం పొడవు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. విశాఖలో రామకృష్ణా బీచ్, రుషికొండ, బందరు దగ్గర మంగినపూడి, బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల దగ్గర వాడరేవు, నెల్లూరు వైపు మైపాడు. టిక్కెట్టు కొనాల్సిన అవసరం పెద్దగా లేకుండా, పేద, ధనిక తేడా లేకుండా ఒక కుటుంబం ఒక పూట హాయిగా గడపగలిగిన స్థలాలు ఇవి. సినిమా హాలుకు వెళ్లమని మనం చెప్పం. పార్కులు మన పేటల్లో లేవు. మరి మన ఆడవాళ్లు ఊపిరి పీల్చుకునేది ఎక్కడ? పెళ్లిళ్లు, చావులు, ఆసుపత్రులు. ఈ మూడు చోట్లకు తప్ప గడప దాటని స్త్రీలు ఉన్నారు.

అభ్యంతరాలు

“మౌలానా, మీరే ఇలా అంటే ఎలా?” అని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. వారి అభ్యంతరాలు నాకు తెలుసు. ఒకప్పుడు నావీ అవే.

మొదటిది, బీచ్‌లో అసభ్యత ఉంటుందన్నది. ఉంటుంది, కాదనను. ఆదివారం సాయంత్రం రద్దీలో, తాగి గంతులు వేసే గుంపుల మధ్యకు కుటుంబాన్ని తీసుకువెళ్లమని నేను చెప్పడం లేదు. అయితే వారంలో ఏడు రోజులున్నాయి, రోజులో ఉదయమూ ఉంది. మేము వెళ్లిన బుధవారం పొద్దున ఆ తీరంలో మాతో కలిపి యాభై మంది కూడా లేరు. అర కిలోమీటరు పక్కకు నడిస్తే మేమూ, కాకులూ, ఎండ్రకాయలూ మాత్రమే. చెడు ఉన్న చోటును పూర్తిగా చెడుకే వదిలేస్తే అది ఇంకా చెడుతుంది. నాలుగు కుటుంబాలు చాపలు పరచుకుని కూర్చున్నచోట తాగుబోతులు దూరం జరగడం నేను కళ్లారా చూశాను.

రెండోది, వినోదం మన పద్ధతి కాదన్నది. దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని, హబషీలు బల్లేలతో చేసే విన్యాసాలను ఆమెకు చూపించారని హదీసు గ్రంథాల్లో ఉంది. పిల్లలకు ఈత నేర్పమని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పారని మన ఉలమా ప్రసంగాల్లో వినిపిస్తూ ఉంటారు. ఆ ప్రసంగాలు విని తలలు ఊపిన మనలో ఎంతమంది పిల్లలకు ఈత వచ్చు? నాకే రాదు.

మూడోది, నమాజు తప్పిపోతుందన్నది. ఇది మన చేతిలో ఉన్న పని. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చా అని సహాబాలు అడిగితే, ఆ నీరు పరిశుద్ధమేనని ప్రవక్త (స) సెలవిచ్చారు. అరవై కిలోమీటర్ల ప్రయాణానికి మన హనఫీ లెక్క ప్రకారం ఖస్ర్ వర్తించదు కాబట్టి పూర్తి నాలుగు రకాతులు సరుగుడు చెట్ల నీడన జమాతుగా చదువుకున్నాం. ఆ నమాజు నాకు బాగా గుర్తుంది.

నాలుగో అభ్యంతరం అన్నిటికన్నా బలమైనది. “సముద్రం ప్రాణాలు తీస్తుంది, మీరే చెబుతున్నారుగా?” నిజమే. అందుకే సముద్రం గురించి తెలుసుకుని వెళ్లాలంటున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వీరిలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ల లోపు పసివాళ్లు. వీరంతా సముద్రంలో పోయినవారు కారు. చెరువులు, కాలువలు, బావులు, ఇంటి వెనుక నీటి తొట్లు కూడా ఉన్నాయి. సముద్రానికి వెళ్లనంత మాత్రాన ప్రమాదం తప్పదు. నీటి గుణం తెలిస్తేనే తప్పుతుంది.

అల విరగని చోటు

ఆ బుధవారం నాకు జరిగిన గొప్ప పాఠం గురించి చెప్పాలి. ఒడ్డున ఒక పెద్దాయన పడవ పక్కన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. పిల్లలు నీళ్లలోకి దిగడానికి మంచి చోటు ఏదో చెప్పమని అడిగాను. అడిగే ముందు నేనే ఒక చోటు ఎంచుకున్నాను. అటూ ఇటూ తెల్లటి నురగతో అలలు విరుగుతున్నాయి, మధ్యలో ఒక పాయ మాత్రం ప్రశాంతంగా, కొంచెం ముదురు రంగులో ఉంది. పిల్లలకు అదే మేలనుకున్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “అక్కడికి పోమాకండి సాయిబుగారూ. అల ఇరగని చోట నీళ్లు ఎనక్కి పోతా ఉంటాయి. పిల్లోళ్లని నురగ ఉన్నకాడ దింపండి, అదీ మోకాళ్ల దాకానే” అన్నాడు.

నా ఒళ్లు జలదరించింది. ఆ పెద్దాయన రెండు ముక్కల్లో చెప్పినదాన్నే శాస్త్రజ్ఞులు వివరంగా చెబుతున్నారని తరువాత చదివి తెలుసుకున్నాను. అలలు నీటిని ఒడ్డుకు తోస్తూ ఉంటాయి. ఆ నీరు తిరిగి వెళ్లాలి కదా. ఇసుక మేటల మధ్య గాడి దొరికిన చోట అది ఒక ఏరులా కూడి వేగంగా లోపలికి పోతుంది. ఆ గాడిలో నీరు లోతుగా ఉండటం వల్ల అల విరగదు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. ఇసుక కలిసి నీరు మురికిగానో, ముదురుగానో ఉంటుంది. నురగ, చెత్త లోపలివైపు కొట్టుకుపోతూ కనిపిస్తాయి. ఈ ప్రవాహం వేగం సాధారణంగా సెకనుకు అర మీటరు దాకా ఉంటుంది. ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. పతకాలు గెలిచిన ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు.

ఇక్కడ ప్రాణం నిలిపే సంగతి ఒకటుంది. ఈ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, ఒడ్డు నుంచి దూరంగా లాగుతుంది. మనిషి భయపడి నేరుగా ఒడ్డుకు ఎదురీదుతాడు. అలసిపోతాడు, అప్పుడు మునుగుతాడు. ఈత వచ్చినవాడు ఒడ్డుకు సమాంతరంగా, అంటే పక్కకు ఈదాలి. ఆ ఏరు వెడల్పు సాధారణంగా కొద్ది మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల వరకే ఉంటుంది. దాన్ని దాటాక అలలు విరిగే వైపునుంచి ఒడ్డుకు రావాలి. ఈత రానివాడు గింజుకోకుండా వెల్లకిలా తేలి, చెయ్యి ఎత్తి కేకవేయాలి. ఒడ్డున ఉన్నవాళ్లు ఈత రాకుండా వెనకాలే దూకకూడదు. ఖాళీ నీళ్ల క్యాను, తాడు, ట్యూబు, ఏది దొరికితే అది విసిరి జాలర్లను పిలవాలి. అన్నను కాపాడబోయి తమ్ముడు, కొడుకును కాపాడబోయి తండ్రి పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు?

ఈ పది వాక్యాలు ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పి ఉంటే? నేను చెప్పి ఉంటే? తరగతిలో వాడికి అరబ్బీలో సముద్రాన్ని ‘బహర్’ అంటారని చెప్పాను. ఉర్దూలో ‘సమందర్’ అంటారని చెప్పాను. మన బందరుకు ఆ పేరు ఫార్సీ మాట నుంచి వచ్చిందనీ, దానికి ఓడరేవు అని అర్థమనీ, గోల్కొండ సుల్తానుల కాలంలో అక్కడి నుంచి ఓడలు ఎర్రసముద్రం దాకా వెళ్లేవనీ చెప్పాను. సముద్రం లాగుతుందని మాత్రం చెప్పలేదు.

నీట మునిగి చనిపోయినవారికి షహీద్ దర్జా ఉంటుందని హదీసు ఉంది. ఆ మాట ఆ తల్లికి ఎంత ఓదార్పో నాకు తెలుసు, నేనే చెప్పాను. కానీ అది కన్నవారికి ఓదార్పు. పెద్దల అజాగ్రత్తకు అది సాకు కాకూడదు. ఒంటెను ముందు కట్టి, ఆ తరువాత దేవునిపై భారం వేయమన్న హితవు కూడా మన ప్రవక్త (స)దే.

చెప్పులకు కాపలా

ఇప్పుడు మన మగవారితో ఒక మాట. బీచ్‌కు వచ్చిన మన కుటుంబాలను గమనించండి. మగవారు, మగపిల్లలు నీళ్లలో కేరింతలు కొడుతూ ఉంటారు. ఆడవాళ్లు ఎండలో కూర్చుని చెప్పులకు, ఫోన్లకు, టిఫిన్ గిన్నెలకు కాపలా కాస్తూ ఉంటారు. అన్నం వడ్డించేదీ వారే, గిన్నెలు సర్దేదీ వారే. వంటగదిని అరవై కిలోమీటర్లు మోసుకువచ్చి ఇసుకలో దింపినట్టుంటుంది. మేము ఆ రోజు గంట మార్చి గంట వంతు వేసుకున్నాం. వడ్డన నేను, నా తమ్ముడు చేశాం. ఆడవాళ్లు వెళ్లి అలల్లో నిలబడ్డారు. నా భార్య, మా భాభీ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా నవ్వుతుంటే నాకు సంతోషమూ కలిగింది, సిగ్గూ కలిగింది.

అయితే ఒక జాగ్రత్త అవసరం. వదులైన బురఖా తడిస్తే బరువెక్కుతుంది, అల వెనక్కి లాగినప్పుడు కాళ్లకు చుట్టుకుంటుంది. చీర కూడా అంతే. అందుకని నీళ్లలో నిలబడదలచిన ఆడవారు మందపాటి నూలు షల్వార్ కమీజు వేసుకుని, ఓణీ కదలకుండా పిన్నులు పెట్టుకోవడం మేలు. బురఖాతో ఉన్నవారు పాదాలు తడిసేంత వరకే ఆగాలి. లజ్జ మన అలంకారం, ప్రాణం అల్లాహ్ అమానతు. రెండింటినీ కాపాడుకునే దారి కష్టమేమీ కాదు.

అంతకుముందు ఒకసారి చెల్లెలి కుటుంబంతో మరో తీరానికి వెళ్లాం. బట్టలు మార్చుకునే గదికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేకపోయారు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. తడిసిన బట్టలతోనే ఆడపిల్లలు రెండు గంటలు బండిలో కూర్చుని ఇల్లు చేరారు. వారిలో ఒకరు మళ్లీ సముద్రం పేరు ఎత్తలేదు. ఇది మన ఒక్కరి బాధ కాదు. ఏ మతానికి చెందిన ఆడవారైనా అక్కడ పడే ఇబ్బంది ఇదే. ఉదయం నుంచి నీళ్లు తాగకుండా ఉపవాసం ఉన్నట్టు కూర్చునే తల్లులు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

మోటుపల్లి మాట

ప్రభుత్వాన్ని కోరవలసినవి ఇక్కడే వస్తాయి. బాపట్ల జిల్లాలోనే మోటుపల్లి అనే పాత రేవు ఉంది. కాకతీయ గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో అక్కడ అభయశాసనం వేయించాడు. తుపానులో ఓడ చెడి ఒడ్డుకు కొట్టుకువచ్చిన వర్తకుల సొత్తును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. తాను అలా చేయననీ, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ ఆ రాజు విదేశీ వర్తకులకు మాట ఇచ్చి రాతి మీద చెక్కించాడు. సముద్రం మీదనుంచి వచ్చే అపరిచితులకు దాదాపు 780 ఏళ్ల కిందట ఈ తీరం అభయం ఇచ్చింది. ఇవాళ ఊళ్లనుంచి సముద్రం చూడవచ్చే సొంత ప్రజలకు అభయం ఇవ్వవద్దా?

ఆ అభయం ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. విశాఖ రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన ఎనిమిది భారతీయ తీరాల్లో ఒకటి. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, ప్రాణరక్షకులు, ప్రథమ చికిత్స వంటి 33 ప్రమాణాలను చూసి ఆ గుర్తింపు ఇస్తారు. నిర్వహణ సరిగా లేదని 2025 ఆరంభంలో అది తాత్కాలికంగా చేజారి, పనులు చక్కదిద్దాక తిరిగి వచ్చింది. దీన్నిబట్టి తెలిసేది ఏమిటంటే, వసతి ఒకసారి కట్టి వదిలేస్తే చాలదు, రోజూ చూసుకోవాలి. సూర్యలంక అభివృద్ధికి కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద కోట్ల రూపాయలు మంజూరు చేసింది. సంతోషం. ఆ డబ్బులో రంగురంగుల దీపాలకు, ఫొటోలు దిగే బొమ్మలకు ఎంత పోతుందో, తాళం వేయని ఆడవారి గదులకు, జీతం అందుకునే ప్రాణరక్షకులకు ఎంత పోతుందో మనం అడగాలి. ఎర్రజెండా పెడితే దిగవద్దని అర్థం, ఎరుపు పసుపు కలిసిన జెండాల మధ్య ప్రాణరక్షకుల కాపలా ఉంటుందని అర్థం. ఈ సంగతిని తెలుగులో, ఉర్దూలో బోర్డుల మీద రాయడానికి ఎంత ఖర్చవుతుంది? ఒడ్డున ఉండే జాలరి యువకులకు శిక్షణ, జీతం ఇచ్చి ఆ పని అప్పగిస్తే వారి కుటుంబాలకూ మేలు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో యాంత్రిక పడవల వేట నిషేధం ఉంటుంది. సరిగ్గా పిల్లల వేసవి సెలవులు, ఒడ్డున రద్దీ ఆ రోజుల్లోనే.

మన వంతు

హక్కులు అడిగేవారు బాధ్యతలూ చూసుకోవాలి. దారిలోని ముల్లును తీసివేయడం పుణ్యమని మన పిల్లలకు చెబుతాం. బిర్యానీ పొట్లాల ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఇసుకలో వదిలి వస్తే ఆ చదువుకు అర్థమేమిటి? జనవరి నుంచి మార్చి దాకా రాత్రివేళ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెడతాయి. ఒక్కో తాబేలు వంద దాకా గుడ్లు పెడుతుంది. సూర్యలంకలో అటవీశాఖవారు ఆ గుడ్లను సేకరించి, పిల్లలను పొదిగించి సముద్రంలోకి వదులుతారు. సముద్రంలో తేలే ప్లాస్టిక్ సంచిని జెల్లీ చేప అనుకుని తాబేలు మింగుతుంది. ఒక సంచి మడిచి ఇంటికి తెచ్చుకోవడం పెద్ద పని కాదు.

బయలుదేరే ముందు ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి. వాతావరణం చూసుకుని వెళ్లండి. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఉధృతి గురించి హెచ్చరికలు ఇస్తుంది, పత్రికల్లో, ఫోన్లలో అవి వస్తాయి. 2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం సునామీ వచ్చినప్పుడు మన తీరంలో నూరుమందికి పైగా మరణించారు. మంగినపూడిలో పౌర్ణమి స్నానాలకు వచ్చినవారు కూడా వారిలో ఉన్నారు. ఆనాడు హెచ్చరించే ఏర్పాటు లేదు. ఇప్పుడు ఉంది, వినడం మన పని. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి తగ్గితే గవ్వలు ఏరుకోవడానికి ముందుకు పోకండి, ఎత్తైన చోటికి పరుగెత్తండి. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపు ఒక పెద్దమనిషి ఫోను జేబులో పెట్టుకుని వారినే చూస్తూ ఉండాలి. లోతు మోకాలు దాటకూడదు. జాలరిని అడగకుండా చోటు ఎంచుకోకూడదు. మునిగినవారిని బయటికి తెస్తే తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం తప్పు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే వెంటనే నోటిలోకి ఊపిరి ఊది, ఛాతీ నొక్కుతూ ఉండాలి. మరొకరు 108కో, 112కో ఫోను చేయాలి. ఇవి మీ ఊరి ఆసుపత్రి నర్సును అడిగినా నేర్పుతారు.

మదరసాల, పాఠశాలల పెద్దలకు నా విన్నపం ఒకటుంది. ఏడాదికి ఒకసారి పిల్లలను సముద్రానికి తీసుకెళ్లండి. వెళ్లే ముందు ఒక గంట సముద్రం గురించి పాఠం చెప్పండి. వీలుంటే ఒక జాలరిని పిలిచి ఆయనతోనే చెప్పించండి. మా బడి నుంచి రెండేళ్లుగా తీసుకెళుతున్నాం. ఒడ్డుకు చేరగానే నేను మొదట అడిగే ప్రశ్న, “అల విరగని చోటు ఏది, చూపించండి?” అని. చిన్న తరగతుల పిల్లలు కూడా వేలు పెట్టి చూపుతారు. పోయిన ఏడు ఆ కుర్రవాడి తమ్ముడు కూడా వచ్చాడు. వాళ్లమ్మే స్వయంగా సంతకం పెట్టి పంపింది. సాయంత్రం బండి దిగేసరికి ఆమె వీధి చివర నిలబడి ఉంది. పిల్లవాడు బూట్లు విప్పి ఇసుక దులుపుతూ తల్లితో అన్నాడు: “అమ్మీ, అల విరగని చోట నీళ్లు వెనక్కి పోతాయట. నేను గుర్తుపట్టాను.”

ఆమె ఏమీ అనలేదు. వాడి తల నిమిరి, నాకు సలాం చెప్పి ఇంట్లోకి తీసుకెళ్లింది.